మీటరు పెట్టకుండా బ్యాటరీ మార్చేస్తారా?

పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడకుండా చెప్పగలమా? కారు కరెంటు రిపేరూ అంతేనండీ. 6 వేలు వదిలించుకున్నాక గానీ నాకు ఆ సంగతి తెలిసిరాలేదు.

పోయిన మే నెలలో పెళ్లికని రైల్లో ఊరెళ్లి ఐదో రోజున తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున్నే మా అత్తగారిని షుగరు పరీక్షకి తీసుకెళ్లాలి. ఆవిడ పరగడుపున కార్లో కూర్చున్నారు. తాళం తిప్పితే 'టిక్ టిక్' అంటోందే తప్ప సెల్ఫ్ తీసుకోదు. చివరికి ఆటోలో వెళ్లొచ్చాం.

సాయంత్రం మావారు దగ్గర్లోని షాపతన్ని పిలుచుకొచ్చారు. అతను బానెట్ ఎత్తి చూస్తూనే "బ్యాటరీ పోయిందండీ" అనేశాడు. కొని రెండేళ్లు కూడా కాలేదే అంటే "ఎండలకి అంతేనమ్మా" అన్నాడు. చీటీ డబ్బులోంచి 6 వేలు తీసిచ్చాను. పాత బ్యాటరీ అతనే పట్టుకుపోయాడు.

నెల తిరక్కుండానే మావారికి జ్వరమొచ్చి నాలుగు రోజులు కారు తీయలేదు. ఐదో రోజు మళ్లీ అదే టిక్ టిక్! ఈసారి "డైనమో మార్చాలి, 12 వేలవుతుంది" అన్నాడు. మావారు సరేననబోతుంటే నేనే ఆపాను.

పక్కింటి వాళ్ల కారు బ్యాటరీకి వైర్లు తగిలించి ఎలాగో స్టార్ట్ చేసుకుని, మా ఆడపడుచు చెప్పిన పెద్దాయన దగ్గరికి వెళ్లాం. చిన్న రేకుల షెడ్డు. ఆయన ఏదీ విప్పలేదు. "రోజూ తీస్తే బాగానే ఉంటోందా? నాలుగు రోజులు ఆపితేనే ఇలా అవుతోందా?" అని అడిగారు. ఆ ప్రశ్న మొదటతను అడగనే లేదు!

ఇంజిన్ నడుస్తుండగా మీటరు పెడితే 14.1 వోల్టులు. "డైనమో బాగుందమ్మా, మీరే చూడండి" అని మీటరు నా వైపు తిప్పారు. తర్వాత ఇంజిన్ ఆపి, తలుపులన్నీ వేసి, కాసేపాగి చూశారు. ఆపేసిన కారు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు లాగకూడదట. మా కారు 400 పైన లాగుతోంది. ఒక్కో ఫ్యూజూ తీసి చూస్తూ పోతే, ఒకటి తీయగానే అంకె పడిపోయింది. వెనక సీటు వంచి చూస్తే దొంగ దొరికింది. డిక్కీలోని చిన్న దీపం! మూత వేసినా ఆరట్లేదు. స్విచ్ మార్చి 350 రూపాయలు తీసుకున్నారు. మా పాత బ్యాటరీని చార్జింగ్ పెట్టించి ఉంటే సరిపోయేదేమో!

అందుకే చెబుతున్నాను, ఏదైనా మార్చమనే ముందు కొలిచి చూపించమనండి. కారు కొన్ని గంటలు ఆపి ఉంచాక నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 దాకా ఉంటుంది. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే ముందు శుభ్రం చేసి బిగించి చూడమనండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే 10 ఆంపియర్ల చోట 20 పెట్టి పంపేవాడి గడప తొక్కకండి. ఫ్యూజు నిలుస్తుంది గానీ వైరు కాలుతుంది, మంటలే లేవొచ్చు.

ఖర్చు ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. తీసేసిన సామాను చూపించమనండి. పాత బ్యాటరీకి ఎంత తగ్గిస్తారో అడగండి. బిల్లు, తేదీ వేసిన వారంటీ కార్డు దాచుకోండి. మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు ఆ కాగితాలే మన సాక్ష్యం.

ఇవి అడిగితే విసుక్కునే షాపు మనకొద్దు. ఓపిగ్గా చూపించేవాడు నాలుగు వీధుల అవతల ఉన్నా సరే, అక్కడికే వెళ్దాం.

అన్నట్టు, ఈ రాత్రి మీ సెల్‌ఫోన్లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి, ఒక్క నిమిషం మూత వేసి తీయండి. లోపలి దీపం ఆరుతోందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది!