"లిమిట్ పెట్టుకుని ఆడితే తప్పేంటి?" అనే మేధావులకి...

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒక చేత్తో చపాతీ తింటూ, ఇంకో చేత్తో ఫోన్లో ఏదో గిరగిరా తిప్పుతున్నాడు. తొంగి చూస్తే క్యాసినో. టెలిగ్రామ్‌లో ఎవరో లింకు పంపారట. "ఇవన్నీ బ్యాన్ అయ్యాయి కదరా?" అన్నాను. "ఏం కాదన్నా, నెలకి రెండు వేలని లిమిట్ పెట్టుకున్నా. కంట్రోల్లో ఉంటే ఏ గొడవా లేదు. సినిమాకి ఖర్చు పెట్టట్లేదా? ఇదీ అంతే" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ "అంతేగా మరి" అని తలలూపారు.

నేను మాత్రం ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే ఆ డైలాగు నాది. రెండేళ్ల క్రితం అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట నేను ఒకడికి చెప్పాను. చెప్పి ఊరుకున్నానా? వాడి కోసం ఒక ఎక్సెల్ షీటు కూడా తయారు చేసి ఇచ్చాను.

వాడు నా రూమ్మేటు. ఇంజనీరింగ్ నుంచీ కలిసే ఉన్నాం. బాగా చదివేవాడు, ప్రాబబిలిటీలో నాకే ట్యూషన్ చెప్పేవాడు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం ఉందిగా, అందుకని లొకేషన్ మార్చే యాప్ ఒకటి వేసుకుని మరీ ఆడేవాడు. రమ్మీ నుంచి మెల్లగా రూలెట్‌కీ, స్లాట్లకీ దిగాడు. నాకు తెలిశాక మహా జ్ఞానిలాగా "మానెయ్యక్కర్లేదు మామా, డిసిప్లిన్‌గా ఆడు" అని సలహా ఇచ్చి ఆ షీటు చేసిచ్చాను. నెల లిమిట్ 3,000. దాటితే గడి ఎర్రబడుతుంది. ఫార్ములా అంతా నాదే, కొంచెం గర్వంగా కూడా ఉండేది అప్పట్లో!

మూడు నెలలు నిజాయితీగా నింపాడు. నాలుగో నెలలో గడి ఎర్రబడింది. వాడు ఆట ఆపలేదు, లిమిట్ గడిలో 3,000 తీసేసి 8,000 అని కొట్టాడు. ఎరుపు పోయింది. ఆ తర్వాత 25,000. ఆ తర్వాత నింపడమే మానేశాడు. విషయం బయటపడేసరికి లోన్ యాప్‌లతో కలిపి 9 లక్షల 40 వేలు. వాళ్ల నాన్నగారు ఆర్టీసీలో 30 ఏళ్లు బస్సు తోలి దాచుకున్న డబ్బులోంచి కట్టారు. ఆయన మా రూముకి వచ్చినప్పుడు నన్ను ఒకటే అడిగారు, "నువ్వు పక్కనే ఉన్నావు కదా బాబూ" అని. ఏం చెప్తాను? "షీటు చేసిచ్చానండీ" అని చెప్పనా?

అందుకే ఈ "బాధ్యతగా ఆడండి" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది సలహా కాదండీ, బాధ్యతని ఆడించేవాడి నెత్తి మీంచి తీసి ఆడేవాడి నెత్తిన పెట్టే ఏర్పాటు. బ్రిటన్‌లో 2015 నుంచి కొన్నేళ్లపాటు బెట్టింగ్ కంపెనీలే ఒక నినాదం నడిపాయి: "వెన్ ద ఫన్ స్టాప్స్, స్టాప్". పోస్టర్లలో ఆ "ఫన్" అనే మాటని మిగతా మాటలకంటే పెద్ద అక్షరాలతో వేసేవారు. హెచ్చరికలో కూడా కంటికి ఆనేది సరదాయే! బాగా తిట్లు పడ్డాక దాన్ని మార్చారు.

సరే, మనం ఇంజనీర్లం కాబట్టి ముందు లెక్క చూద్దాం. స్లాట్ గేమ్ ఒకటి వంద రూపాయల పందేనికి సగటున 96 తిరిగిస్తుంది అనుకోండి. "నాలుగు శాతమేగా, జీఎస్టీ కంటే తక్కువ" అనిపిస్తుంది. కానీ ఆ 4 శాతం పోయేది మీరు వేసిన డిపాజిట్ మీద కాదు, తిప్పిన ప్రతి పందెం మీద. పందేనికి 20 రూపాయలు, నిమిషానికి 10 తిప్పులు అంటే గంటకి 600 తిప్పులు, 12,000 రూపాయల పందేలు. అందులో 4 శాతం 480 రూపాయలు. రాత్రికి మూడు గంటలు ఆడితే 1,440, నెలకి 43,200. ఇది దురదృష్టం కాదు, సగటు. గెలిచిన 20 మళ్లీ పందెంలోకే వెళ్తుంది కాబట్టి రెండు వేల డిపాజిట్‌తో మొదలెట్టినవాడు కూడా ఎంత తిప్పాడో వాడికే తెలియదు.

ఇక వెల్‌కమ్ బోనస్. ఐదు వేలు ఫ్రీ, కాకపోతే 30 రెట్లు ఆడాకే విత్‌డ్రా చేసుకోవాలి అంటాడు. అంటే లక్షా యాభై వేల పందేలు. 4 శాతం లెక్కన సగటున పోయేది 6,000. ఐదు వేలు ఇచ్చి ఆరు వేలు లాగేదాన్ని ఫ్రీ అనడం మన భాషలో ఏమవుతుందో మీరే చెప్పండి.

"నేను మార్టింగేల్ ఆడతా, ఓడితే డబుల్ చేస్తా, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాగా" అనేవాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. మా వాడూ ఇదే బ్యాచి. యూరోపియన్ రూలెట్‌లో 37 గడులు, ఎరుపు మీద వేస్తే ఓడే గడులు 19. వందతో మొదలెట్టి వరసగా పదిసార్లు ఓడితే పోయేది 1,02,300. అలా పదిసార్లు వరసగా ఓడే అవకాశం సుమారు 784 లో ఒకటి. మిగతా 783 సార్లు తలా వంద గెలిచినా వచ్చేది 78,300. అంటే నెలల తరబడి రోజూ గెలుస్తూనే చివరికి మునిగిపోతాం. పైగా ఆ గెలిచిన రోజులన్నీ "నాకు ఆట వచ్చేసింది" అన్న నమ్మకాన్ని పెంచుతాయి.

కానీ అసలు సంగతి లెక్క కాదు. మా వాడికి ఈ లెక్కలన్నీ నాకంటే బాగా వచ్చు. లెక్క వచ్చినవాడు ఎందుకు ఆగలేకపోయాడు?

ఎందుకంటే అవతల కూర్చున్నది కూడా మనలాంటి ఇంజనీర్లే కాబట్టి. డిపాజిట్ ఒక్క సెకనులో అవుతుంది, విత్‌డ్రాయల్‌కి "వెరిఫికేషన్" పేరుతో రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ పక్కనే "విత్‌డ్రాయల్ క్యాన్సిల్ చేసి ఆడుకోండి" అనే బటన్ వెలుగుతూ ఉంటుంది. ఇది బగ్ అనుకుంటున్నారా? మూడు బొమ్మల్లో రెండు కలిసి మూడోది ఒక్క గడి పక్కన ఆగుతుంది, "అబ్బా, కొద్దిలో పోయింది" అనిపిస్తుంది. 20 పెట్టి 8 వస్తే గంటలు మోగుతాయి, కాసులు రాలతాయి. పోయింది 12 అని చెప్పేవాడుండడు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి కోసమే ప్రాణి ఎక్కువసేపు మీట నొక్కుతూ ఉంటుందని స్కిన్నర్ పావురాల మీద ఎప్పుడో చూపించాడు. ఇక్కడ పావురానికి బీటెక్ డిగ్రీ, యూపీఐ పిన్ ఉన్నాయి, అంతే తేడా.

బయటి దేశాల్లో దీన్ని వ్యసనంగానే గుర్తించి, ఆడేవాడి మీద కాకుండా ఆట మీద చెయ్యి వేస్తున్నారు. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం బంద్. 2021 అక్టోబర్ 31 నుంచి ఆన్‌లైన్ స్లాట్‌లో ఒక తిప్పుకీ ఇంకో తిప్పుకీ మధ్య కనీసం రెండున్నర సెకన్లు ఉండాలి, ఆటోప్లే ఉండకూడదు. 2025 నుంచి తిప్పుకి గరిష్ఠంగా 5 పౌండ్లు, 25 ఏళ్లలోపు వాళ్లకి 2 పౌండ్లు. "నువ్వు బుద్ధిగా ఉండు" అని ఉపన్యాసం ఇవ్వకుండా మెషీన్‌కి స్పీడ్ బ్రేకర్ వేశారు. అది ఇంజనీరింగ్ అంటే.

అసలు మన ఊళ్లలో పేకాట లేదా అంటారా? ఎందుకు లేదు! సంక్రాంతికి కోడిపందేలు, గుండాట, మూడు ముక్కలాట... కొంపలు మునిగినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ అక్కడ చీకటి పడితే ఆట ఆగేది. జేబులో నోట్లు అయిపోతే లేవాల్సి వచ్చేది. పక్కవాడు చూసి మా బాబాయికి చెప్పేవాడు. పండగ మూడు రోజులు, ఆ తర్వాత పొలం. అంటే వాళ్లకి మనకంటే మనోనిబ్బరం ఎక్కువని కాదు, కంట్రోల్ అనేది మనిషిలో కాకుండా చుట్టుపక్కల ఉండేది. ఫోన్లో చీకటి పడదు, డబ్బు అయిపోదు, బాబాయి ఉండడు. అవన్నీ పీకేసి "ఇప్పుడు నిన్ను నువ్వే కంట్రోల్ చేసుకో" అంటే ఎలా?

అంతెందుకు, ధర్మరాజంతటివాడు! మొదటిసారి అంతా ఓడాక ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగిచ్చేశాడు. అకౌంట్ క్లీన్, అప్పు జీరో. అయినా మళ్లీ రమ్మంటే వెళ్లి కూర్చున్నాడు. పైగా పందెం కాసింది దుర్యోధనుడైతే పాచికలు వేసింది శకుని.

ఇక "స్కిల్" వాదన. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. యాప్‌ల వాళ్లు ఏళ్ల తరబడి ఇదే పట్టుకు వేలాడారు. అదే తీర్పులో, ఆట మీద క్లబ్బు యజమాని లాభం గుంజుతున్నాడని ఆధారం ఉంటే అది నేరం కావచ్చు అని కూడా ఉంది. ఆ ముక్క ఒక్క ప్రకటనలోనూ కనపడలేదేం? మరి ప్రతి టేబుల్ మీదా కమిషన్ తీసుకునేవాడు చేసేదేంటి?

"బ్యాన్ చేస్తే దొంగచాటుగా ఆడతారు" అంటారు. నిజమే, మా ఆఫీసు కుర్రాడే సాక్ష్యం. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆడించేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాణ్ని శిక్షించదు, అది మంచిదే. పేరున్న యాప్‌లు వెంటనే డబ్బాటలు ఆపాయి. మిగిలినవి విదేశీ సైట్లు. అక్కడ మీరు గెలిచినా డబ్బు ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకుంటారు? నాకు చట్టం మీద గుడ్డి నమ్మకమేం లేదు. కానీ తలుపు తీసి ఉంచి "లిమిట్‌లో దొంగతనం చేసుకోండి" అనడం కన్నా మూసి తాళం వేయడం మేలు. "నా డబ్బు నా ఇష్టం" అనే స్వేచ్ఛావాదులకి ఒకటే మాట: మా వాడు పోగొట్టిన డబ్బులో వాడి సొంతం రెండు లక్షలు కూడా లేదు.

క్యాసినో ఆడేవాళ్లని చూసి నవ్వుకునే ఎఫ్ అండ్ ఓ వీరులకి కూడా ఒక మాట. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబర్లో సెబీయే చెప్పింది. మీ లిమిట్ షీటు కూడా ఒకసారి చూసుకోండి.

మరి ఏం చెయ్యాలి? నేను నేర్చుకున్నది ఇంతే: కంట్రోల్ ఆటలో ఉన్నప్పుడు పనిచెయ్యదు, ఆట బయట ఉన్నప్పుడు పెట్టిన అడ్డే పనిచేస్తుంది. ఆ అడ్డు తీయడం మన చేతిలో ఉండకూడదు. మా వాడు ఇప్పుడు జీతం పడగానే వాళ్ల అక్క అకౌంట్‌కి పంపుతాడు, వారం ఖర్చు ఆవిడ పంపుతుంది. యూపీఐ ఉన్న అకౌంట్‌లో ఐదు వేలకి మించి ఉండవు. క్రెడిట్ కార్డు లేదు. లోన్ యాప్‌లు తీసేశాడు. నెలకి రెండుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. పోయింది గెలిచి కట్టాలన్న ఆలోచన వస్తే నాకు ఫోన్ చేస్తాడు, రాత్రి రెండైనా సరే. పది నెలలైంది. చూడ్డానికి చిన్నపిల్లాడి బతుకులా ఉందని వాడే నవ్వుతాడు. నవ్వుతున్నాడు, నాకదే చాలు.

మర్నాడు ఆ కుర్రాణ్ని టీకి తీసుకెళ్లి పాత షీటు తెరిచి చూపించాను. 3,000 దగ్గర మొదలై, ఎరుపెక్కి, మారిపోయి, చివరికి ఖాళీ గడులు. కాసేపు చూసి, "ఫార్ములా బాగుందన్నా, నాకూ పంపవా" అన్నాడు! నేను పంపలేదు. వాళ్ల అక్క నంబరు ఉందా అని అడిగాను. "ఎందుకన్నా?" అన్నాడు, కొంచెం భయంగా.

ఆ భయమే, ఆ రెండు వేల లిమిట్ కంటే వెయ్యి రెట్లు నయం.

తా.క.: మీకో, మీవాళ్లకో ఈ బాధ ఉంటే టెలిమానస్ నంబరు 14416. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. సిగ్గు పడకండి. నేను నా షీటు గురించి పదిమందిలో చెప్పుకున్నానుగా, దానికంటే సిగ్గేముంటుంది :)