పల్లవికి చప్పట్లు, చరణానికి చెవుడు

కాస్త పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

ఆగస్టు 15 కార్యక్రమంలో ‘సింధూరం’ సినిమాలోని స్వాతంత్ర్యం పాట పెట్టాలా వద్దా అని గ్రూపులో రెండు రోజులుగా గొడవ. దేశాన్ని తిట్టే పాట అని కొందరు, అచ్చమైన దేశభక్తి పాట అని కొందరు. ‘పాట అన్నాక ఎవరి అర్థం వాళ్లది, వదిలేయండి’ అని ఇంకొందరు. నాకు ఈ మూడో మాట మీదే ఎక్కువ కోపం.

ఎవరి అర్థం వాళ్లదే, కాదనను. కానీ అర్థం చెప్పేవాళ్లు ముందు పాట మొత్తం వినాలి కదా!

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. 1984లో అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’ పాడాడు. పల్లవి వింటే జెండా ఊపాలనిపిస్తుంది. చరణాల్లో ఉన్నది వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి, పని దొరక్క తిరిగే మనిషి గోడు. అయినా చాలామంది దాన్ని విజయగీతంలా వాడుకున్నారు. అదే ఏడాది అధ్యక్షుడు రీగన్ కూడా ఎన్నికల సభలో, ఆ గాయకుడి పాటల్లో ఆశ ఉందని మెచ్చుకున్నాడు. మన తోరణగల్లు వైపు పని కోసం ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ కుర్రాడికి ఇంగ్లీషు రాకపోయినా, ఆ చరణాల కథ చెబితే చాలు, ఇట్టే అర్థమవుతుంది. సొంత అర్థం అంటే అదీ. పాటలో ఉన్నదాన్ని మన బతుకుతో చూసుకోవడం, లేనిదాన్ని అంటించడం కాదు.

ఇక మన పాట. 1997, స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండిన సంవత్సరం. కులం పేరుతో, మతం పేరుతో కొట్టుకు చస్తుంటే దీన్ని స్వరాజ్యం అనాలా అని సిరివెన్నెల గారు అడిగారు. ఇల్లు పాడవుతోందని పెద్దాయన కేకలేస్తే ఇంటి మీద పగ ఉన్నట్టా? 1993లో ‘గాయం’ సినిమాలో కూడా ఆయనే తెర మీదకొచ్చి జనాన్ని సిగ్గు లేదా అని నిలదీశారు. దానికి ఈలలు వేశాం. తిట్టింది ఈల వేసే మనల్నే అని ఎంతమంది గమనించాం?

అసలు సంగతి చెప్పనా? ఈ పాట దేశానికి గుచ్చుకోదు, మనకు గుచ్చుకుంటుంది. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లం, తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లం అందరం తెలుగువాళ్లమే అంటాం. భోజనాల దగ్గర మాత్రం ఎవరి కులం వాళ్లు ఒక బంతి. అందుకే ‘ఎవరి అర్థం వాళ్లది’ అని తప్పించుకుంటున్నాం.

కాబట్టి పాట ఉండాలి. డీజే వద్దు. ముందు చరణాలు చదివి, భావం తెలుగులో, మన కన్నడ పొరుగువాళ్ల కోసం కన్నడలో చెప్పాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు ఏ మాట దేశాన్ని కించపరిచిందో చూపించండి. చూపించలేకపోతే ఆ రోజు వచ్చి మాతో గొంతు కలపండి.