పసివాడికి లంచమెందుకు?

శాన్ రామన్‌లో మనవారి ఇళ్ళకు భోజనానికి వెళ్ళి, చేతులు కడుక్కుందామని స్నానాలగదిలో అడుగుపెడితే గోడమీద ఒక పట్టిక కనబడుతుంది. ఏడు రోజులకు ఏడు గళ్ళు, గళ్ళలో బంగారు నక్షత్రాలు. పక్కన సీసాలో రంగురంగుల ఎమ్ అండ్ ఎమ్ బిళ్ళలు. రెండున్నరేళ్ళవాడు పాటీమీద కూర్చుంటే నక్షత్రం, ఒంటికి పోస్తే ఒక బిళ్ళ, రెంటికి వెళితే రెండు. వారం నిండితే బొమ్మ కారు.

దీన్ని శిక్షణ అంటున్నారు. నేను లంచం అంటాను. స్వదేశంలో చెయ్యి తడపనిదే ఫైలు కదలదని వాపోయే మనం, ఇక్కడ చక్కెర బిళ్ళ లేనిదే పసివాడు కదలకుండా చేస్తున్నాం.

"పని జరుగుతోందిగా?" అంటారు. జరుగుతుంది, కాదనను. ఆజ్రిన్, ఫాక్స్ అనే మనస్తత్వవేత్తలు ఒక్కరోజులోపే ఈ విద్య నేర్పవచ్చునంటూ 1974లో పుస్తకమే రాశారు. తినుబండారాలూ, పానీయాలూ, మెప్పులూ అందులో ముఖ్య సాధనాలు. కాని జరిగిందేమిటన్నది ఒక ప్రశ్న, పిల్లవాడు నేర్చిందేమిటన్నది మరొక ప్రశ్న.

ఒక మిత్రుని ఇంట్లో పిల్లవాడు నాలుగు చుక్కలు పోసి, ఆపి, బిళ్ళ పుచ్చుకుని, మళ్ళీ నాలుగు చుక్కలు పోసి రెండో బిళ్ళకు చెయ్యి చాచాడు. అందరం నవ్వాం. కాని వాడు ఆ పూట నేర్చింది బేరం.

మనకు అఖాతం ఆవలి ఒడ్డునే ఉన్న స్టాన్‌ఫర్డ్‌లోని బింగ్ నర్సరీ బడిలో లెపర్, గ్రీన్, నిస్బెట్ చేసిన పరిశోధన 1973లో వెలువడింది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తరువాత తమంత తాము ఆడుకునే వేళ, ముందు బేరం కుదిరిన పిల్లలు మిగతావారిలో సగం సేపే గీశారు. అనుకోకుండా అందిన బహుమతి మాత్రం ఇష్టాన్ని చెరపలేదు.

"బొమ్మలు గీయడం సరదా, పాటీ సరదా కాదుగా" అనవచ్చు. పిల్లవాణ్ణి గమనించండి. నాన్న చెప్పులు తొడుక్కుంటాడు, అమ్మ సంచీ తగిలించుకుంటాడు. పెద్దవాళ్ళలా ఉండాలన్న ఆశ వాడిలో ముందే ఉంది. దానికి మనం ధర కడుతున్నాం. పైగా నక్షత్రం తప్పిందని అందరి ముఖాలూ ముడుచుకుంటే, బెదిరి బిగబట్టుకునే పిల్లలున్నారు. బిగబట్టిన కొద్దీ మలం గట్టిపడుతుంది, నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి మరింత బిగబడతారు. అప్పుడు ఏ బిళ్ళా పనిచెయ్యదు.

మన అమ్మమ్మలు కాళ్ళు చాపి, పాదాలమీద బిడ్డను కూర్చోబెట్టి "ఉస్స్" అనేవారు. అందులో బిళ్ళ లేదు. అలాగని వెనకటిదంతా బంగారమనీ అనను. ఆ పద్ధతికి రోజంతా ఇంట్లో మనిషి ఉండాలి. పదిమందిలో "సిగ్గు, సిగ్గు" అని ఏడిపించడమూ మన ఇళ్ళలోదే. సిగ్గుపరచడమూ లంచమివ్వడమూ తోబుట్టువులే. రెండూ పిల్లవాడి చూపును తన ఒంటిమీదినుంచి మన ముఖంమీదికి మళ్ళిస్తాయి.

డైపరు మానితేనే చేర్చుకుంటామనే బడులున్నాయి, తొందర నాకు తెలుసు. కాని పిల్లవాడి సిద్ధతకోసం వేచి ఉండమన్న డాక్టర్ బ్రేజిల్టన్ 1962లో 1,170 మంది పిల్లల వివరాలు ప్రకటించారు. వారు పగటిపూట ఈ అలవాటు సాధించిన సగటు వయస్సు 28.5 నెలలు. లంచం లేకపోతే కొంప మునగదు.

చెయ్యవలసింది కొంచెమే. కాళ్ళు ఆనడానికి చిన్న పీట, తనే దించుకోగల వదులు లాగు. నిద్ర లేవగానే ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి కూర్చోబెట్టడం, ఎందుకంటే తిన్నాక పేగులు కదలడం శరీర ధర్మం. తడిపితే మాట అనకుండా తుడవడం. అయిందంటే "భలే!" అనడం. సంతోషం పంచుకోండి, ముందుగా బేరం పెట్టకండి.

ఆ పట్టిక స్నానాలగదిలో ఆగదు, అందుకే ఇంత రాశాను. రేపు అది పియానోకు, ఎల్లుండి లెక్కలకు, ఆపైన "తెలుగులో మాట్లాడితే డాలరు" దాకా వస్తుంది. డాలరు ఆగిన రోజు తెలుగూ ఆగుతుంది. ఒంటికి పోవడం వాడి ఒంటి పని, తెలుగు వాడి నోటి పని. రెంటికీ కూలి కట్టకండి.