సొమ్ము ఊరిది, సోకు టీముది

ఇంటికి ఫోన్ చేసి "కాన్సస్ సిటీలో ఉంటున్నా" అంటే అందరూ కాన్సస్ రాష్ట్రం అనుకుంటారు. ఆ పేరుతో అందరికీ తెలిసిన పెద్ద ఊరు నిజానికి మిస్సోరీలో ఉంది. కాన్సస్ వైపు ఇంకో కాన్సస్ సిటీ ఉంది, అది చిన్నది. మనవాళ్ళు ఎక్కువగా కాపురాలు పెట్టిన ఓవర్‌లాండ్ పార్క్, ఒలేతా మాత్రం కాన్సస్ లోవే. రెండు రాష్ట్రాలకీ మధ్య చాలా చోట్ల ఉన్నది ఒక రోడ్డు, అంతే. దాని పేరు కూడా స్టేట్ లైన్ రోడ్డే. పొద్దున అటు ఉద్యోగానికి, సాయంత్రం ఇటు ఇంటికి వచ్చేవాళ్ళు బోలెడుమంది.

ఈ భూగోళమంతా ఎందుకంటే, మిస్సోరీ వైపు ఉన్న ఫుట్‌బాల్ టీము చీఫ్స్‌ని ఈ రోడ్డు దాటించి ఇటు తేవడానికి కాన్సస్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 2025 డిసెంబర్ 22న ప్రకటించారు. వయండాట్ కౌంటీలో పైకప్పున్న కొత్త స్టేడియం, ఖర్చు దాదాపు 300 కోట్ల డాలర్లు, ఆట మొదలయ్యేది 2031లో. అందులో 60 శాతం ప్రజల వైపు నుంచి, 40 శాతం టీము వైపు నుంచి. అంటే మన వాటా సుమారు 180 కోట్ల డాలర్లు. ఒలేతాలో టీము ఆఫీసూ, ప్రాక్టీసు మైదానం అదనం.

శుక్రవారం వస్తే మా ఆఫీసులో సగంమంది ఎర్ర చొక్కాలేసుకొస్తారు. నేనూ వేసుకుంటాను. ఆట అంటే నాకు విరోధం ఏమీ లేదు (పాదంతో ఆడేది పావువంతు కూడా లేని ఆటకి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారన్నది వేరే చర్చ :-)). ఇప్పుడున్న యారోహెడ్ స్టేడియంలో 2014లో జనం అరుపులు 142.2 డెసిబెల్స్ చేరి గిన్నిస్ రికార్డు అయ్యింది. అలాంటి చోటు వదిలి ఎందుకు పోతున్నారంటే, అక్కడే ఉంది కథ.

యారోహెడ్ 1972లో కట్టారు. సొంతదారు టీము కాదు, జాక్సన్ కౌంటీ. 2006లో అక్కడి ఓటర్లు యారోహెడ్, పక్కనే ఉన్న బేస్‌బాల్ స్టేడియం బాగు చేయడానికి సేల్స్ టాక్స్ మీద ఒక సెంటులో ఎనిమిదింట మూడు వంతులు అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. వంద డాలర్ల సామాను కొంటే ముప్ఫై ఏడున్నర సెంట్లు. అది 2031 దాకా నడుస్తుంది, టీము లీజు కూడా అప్పటి దాకానే. 2024 ఏప్రిల్ 2న మళ్ళీ ఓటు పెట్టారు. ఇదే పన్ను ఈసారి 40 ఏళ్ళు కట్టండి, యారోహెడ్‌ని 80 కోట్లతో కొత్తగా చేసుకుంటాం, బేస్‌బాల్ టీముకి డౌన్‌టౌన్ దగ్గర కొత్త స్టేడియం కట్టుకుంటాం అని. అప్పటికి చీఫ్స్ వరసగా రెండో సూపర్ బౌల్ గెలిచి రెండు నెలలు కూడా కాలేదు. అంతటి ఊపులో కూడా జనం 58 శాతం "వద్దు" అన్నారు.

ఎర్ర చొక్కా తొడుక్కున్న చేత్తోనే వద్దని ఓటేశారంటే, అభిమానం వేరు అప్పు వేరు అని వాళ్ళకి బాగానే తెలుసన్నమాట.

తర్వాతేమైంది? రెండున్నర నెలల్లో కాన్సస్ శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై, స్టేడియం ఖర్చులో 70 శాతం దాకా బాండ్లతో ఇవ్వచ్చని చట్టం చేసింది. 2024 జూన్‌లో గవర్నర్ లారా కెల్లీ సంతకం పెట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో మిస్సోరీ కూడా ప్రత్యేక సమావేశం పెట్టి, సగం దాకా మేమూ ఇస్తామంది. 2019లో ఇవే రెండు రాష్ట్రాలు "ఒకరి కంపెనీలని ఒకరం రాయితీలిచ్చి లాక్కోవద్దు, రోడ్డుకి ఇటు నుంచి అటు మార్చడం వల్ల ఇద్దరికీ వచ్చేది ఏమీ లేదు" అని సంధి చేసుకున్నాయి. ఆ సంధి స్ఫూర్తి ఐదేళ్ళు నిలిచింది. చివరికి కాన్సస్‌లో ఈ బాండ్లకి ఆమోదం వేసింది శాసనసభ నాయకులున్న చిన్న కమిటీ. రోడ్డుకి అటు ఓటు పెడితే ఓడిపోయిన ప్రశ్న ఇటు ఓటే లేకుండా గెలిచింది.

మనకి ఎలాగూ ఓటు లేదు కదా అంటారా? నిజమే, నాలాగా హెచ్‌వన్ మీద ఉన్నవాళ్ళకి లేదు. కానీ కౌంటర్ దగ్గర బిల్లు వేసేవాడు వీసా అడగడు.

ఇక "కొత్త పన్ను ఏమీ లేదు" అన్న మాట. ఈ పథకం మొత్తం నిలబడింది దీని మీదే. వీటిని స్టార్ బాండ్లు అంటారు. ఒక ప్రాంతం చుట్టూ గీత గీస్తారు. ఆ ప్రాంతంలో ఇప్పుడొస్తున్న సేల్స్ టాక్స్‌ని బేస్‌గా పెట్టుకుంటారు. ఆ తర్వాత బేస్ కంటే ఎక్కువ వచ్చింది బాండ్లు తీర్చడానికి పోతుంది. స్టేడియం వల్ల వ్యాపారం పెరుగుతుంది, పెరిగిన దాంతోనే స్టేడియం అప్పు తీరుతుంది, ఎవరి జేబుకీ చిల్లు లేదు. వినడానికి బాగుంది.

మనం రోజూ చేసే పనితో పోల్చి చూడండి. ఒక రిలీజ్ వెళ్ళింది. మరుసటి నెల సైట్‌కి వచ్చేవాళ్ళు పెరిగారు. మేనేజర్ ఆ పెరుగుదలంతా తన ఫీచర్ వల్లే అని స్లైడ్ వేసి చూపిస్తాడు. అది పండగ నెల, ఎలాగైనా పెరిగేదే. ఫీచర్ లేకపోతే ఎంత వచ్చేదో చెప్పకుండా ఆ స్లైడ్‌కి అర్థం లేదని మీటింగులో ఉన్న కుర్ర ఇంజనీరుకి కూడా తెలుసు. ఇక్కడ ఆ స్లైడ్ మీద 180 కోట్ల డాలర్లు అప్పు చేస్తున్నారు.

పాత స్టార్ బాండ్లు చాలావరకు ఒక మాల్‌కో, మ్యూజియంకో చుట్టూ చిన్న గీత. ఖాళీ పొలంలో కడితే బేస్ సున్నా, వచ్చిందంతా నిజంగానే కొత్తది. ఈసారి గీత వయండాట్, జాన్సన్ కౌంటీల్లో పెద్ద భాగాన్ని కలిపేసింది. జాన్సన్ కౌంటీ రాష్ట్రంలోనే బాగా డబ్బున్న, ఏటా పెరుగుతున్న ప్రాంతం. మనవాళ్ళు ఇళ్ళు కొంటున్నదీ అక్కడే. ఇల్లు కొంటే సోఫా కొంటాం, టీవీ కొంటాం, శుక్రవారం రాత్రి వండే ఓపిక లేక బిర్యానీ తెచ్చుకుంటాం. (కిరాణా సరుకుల మీద కాన్సస్ రాష్ట్ర పన్ను 2025 జనవరి నుంచి సున్నా. హోటల్ బిర్యానీ మీద మాత్రం 6.5 శాతం రాష్ట్రానికి పోతుంది.) అసలు ఎవరూ ఏమీ అదనంగా కొనకపోయినా, ధరలే ఏడాదికి 3 శాతం పెరిగాయనుకుంటే 100 రూపాయల పన్ను పదేళ్ళకి 134 అవుతుంది. ఆ 34 స్టేడియం తెచ్చిందా? ద్రవ్యోల్బణం తెచ్చింది. బేస్ కదలకుండా కూర్చుంటే, లెక్కలో మాత్రం అది స్టేడియం తెచ్చినట్టే పడుతుంది. అప్పు లేకపోతే అది రాష్ట్ర ఖజానాకి చేరి బడికో రోడ్డుకో పోవాల్సింది. కొత్త పన్ను లేదన్నది అక్షరాలా నిజమే. పాత పన్ను దారి మళ్ళింది.

అవతలి వాదన కూడా చెప్పాలి. ఈ బాండ్లకి రాష్ట్రం పూచీ లేదు, వసూళ్ళు తక్కువైతే నష్టం బాండ్లు కొన్నవాళ్ళది అంటారు. ఇది నిజం. మా ఓవర్‌లాండ్ పార్క్‌లోనే ప్రైరీఫైర్ అనే షాపింగ్ సెంటర్, దాంట్లో మ్యూజియం స్టార్ బాండ్లతో కట్టారు. అనుకున్నంత వ్యాపారం జరగలేదు. 2023లో బాండ్లు డిఫాల్ట్ అయ్యాయి, నష్టపోయింది పెట్టుబడిదార్లే. ఇంకో పక్క, కార్ రేసుల ట్రాక్ దగ్గరున్న విలేజ్ వెస్ట్ బాండ్లు గడువు కంటే ముందే తీరిపోయాయి. కాబట్టి పద్ధతే మోసం అనను. కానీ గీత ఇంత పెద్దగా ఎందుకు గీశారో ప్రైరీఫైర్‌ని చూస్తే తెలుస్తుంది. స్టేడియం చుట్టుపక్కల వచ్చే అదనపు వ్యాపారంతోనే అప్పు తీరుతుందన్న నమ్మకం ఉంటే జాన్సన్ కౌంటీ సోఫాల దాకా రావక్కర్లేదు కదా!

ఆ నమ్మకం లేకపోవడానికి కారణముంది. ఏడాదికి సొంత మైదానంలో ఆడేవి ఎనిమిదో తొమ్మిదో లీగ్ మ్యాచ్‌లు. కచేరీలూ అవీ కలుపుకోండి. ఆదివారం నలుగురున్న కుటుంబం స్టేడియంలో ఖర్చు పెట్టిన డబ్బు సాధారణంగా ఆకాశం నుంచి ఊడిపడదు. సినిమాకో, హోటల్‌కో పోవాల్సింది ఇటొచ్చింది. బ్రాడ్‌బరీ, కోట్స్, హంఫ్రీస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దశాబ్దాల పరిశోధనలన్నీ ముందేసుకుని తేల్చింది కూడా ఇదే, స్టేడియాలకిచ్చే సబ్సిడీకి తగ్గ ప్రతిఫలం ఊరికి రాదని. ఆర్థికవేత్తలు ఇంత ఏకాభిప్రాయంతో ఉండే విషయాలు అరుదు.

మరి ఊళ్ళు ఎందుకిస్తాయి? టీము పోతుందని భయం. ఐపీఎల్‌కి అలవాటు పడ్డ మనకి ఇది చప్పున ఎక్కదు. 2012లో డెక్కన్ చార్జర్స్ పోతే, హైదరాబాద్ టీముని ఇంకొకరు కొనుక్కుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టారు. ఓనర్ మారాడు, ఊరు మారలేదు. ఇక్కడ ఓనర్ టీముని మూట కట్టుకుని వేరే ఊరు పోవచ్చు. లీగ్‌లో ఉన్నవి 32 టీములు, ఆ సంఖ్య పెంచాలా వద్దా అన్నది ఓనర్ల చేతిలోనే ఉంది. కుర్చీలు తక్కువ, నిలబడ్డ ఊళ్ళు ఎక్కువ.

దీనికి మిస్సోరీలోనే, సెయింట్ లూయిస్‌లో ఒక పాఠం ఉంది. అక్కడ ప్రజల డబ్బుతో డోమ్ కట్టి 1995లో రామ్స్‌ని లాస్ ఏంజెలెస్ నుంచి తెచ్చుకున్నారు. రాష్ట్రం ఏడాదికి 1.2 కోట్లు, సిటీ 60 లక్షలు, కౌంటీ 60 లక్షల డాలర్లు. లీజులో ఒక షరతు ఉంది. పదేళ్ళకీ ఇరవై ఏళ్ళకీ ఈ డోమ్ దేశంలోని స్టేడియాల్లో పై పావువంతులో ఉండాలి, లేకపోతే టీము కట్టుబాటు సడలిపోతుంది. మిగతా ఊళ్ళు కొత్తవి కడుతుంటే పాతది పైన ఎలా ఉంటుంది? సంతకం పెట్టేముందు ఎవరూ చదవలేదో, చదివీ టీము కావాలి గనక పెట్టారో! 2016లో రామ్స్ వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళ పాటు ఖాళీ డోమ్‌కి ఊరు అప్పు కడుతూనే వచ్చింది. విచిత్రం ఏంటంటే అదే ఓనర్ స్టాన్ క్రోంకీ లాస్ ఏంజెలెస్‌లో 2020లో తెరిచిన స్టేడియం ప్రైవేటు డబ్బుతోనే కట్టాడు. కట్టగలరన్నమాట. సెయింట్ లూయిస్ కోర్టుకెక్కి 2021లో 79 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది. డబ్బులొచ్చాయి, టీము రాలేదు.

నేను కోరుకునేది స్టేడియం ఆపమని కాదు, అది ఆగదు కూడా. బేస్ ఏ ఏడాదిది, ధరల పెరుగుదలని మినహాయిస్తారా లేదా, గీత లోపల వసూలు ఎంత, అందులో స్టేడియం పక్కన వచ్చింది ఎంత, దూరాన ఫర్నిచర్ షాపులో వచ్చింది ఎంత అన్నది ఏటా విడివిడిగా కనపడాలి. మొత్తం ఒకే అంకెగా ఇస్తే దాన్నుంచి ఎవరూ ఏమీ తేల్చలేరు. దీనికి ఓటు అక్కర్లేదు. కాన్సస్ ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద దరఖాస్తు ఎవరైనా పెట్టుకోవచ్చు, పౌరసత్వం అడగరు. నేను ఒకటి రాస్తున్నాను. గీత లోపల ఉన్న జిప్ కోడ్ల జాబితా చేయడానికీ, వచ్చాక అంకెలు చూడ్డానికీ ఇంకో ఇద్దరు ముగ్గురు తోడుంటే పని తొందరగా అవుతుంది. ఒలేతా వైపు ఉన్నవాళ్ళయితే మరీ మంచిది.