పెరటి పిట్టలు – పొలంలోని పక్షి స్థావరాలు

సమగ్ర సస్యరక్షణపై వెలువడే దాదాపు ప్రతి కరపత్రంలోనూ ఎకరాకు 8–10 పక్షి స్థావరాలు నిలపాలన్న వాక్యం కనిపిస్తుంది. ఆ కర్రపై ఏ పిట్ట వాలుతుందో, ఎక్కడి నుండి వస్తుందో చెప్పే కరపత్రం అరుదు. లింగాకర్షక బుట్టకూ పక్షి స్థావరానికీ ఒకే పట్టికలో చోటు దొరికింది. బుట్టను బజారులో కొనవచ్చు. పిట్టను కొనడానికి వీలు లేదు.

శనగ, కంది చేలలో అటువంటి కర్రపై తరచుగా వాలేది చీలిన తోక గల నల్లని ఏట్రింత. మేసే పశువుల వెంట తిరుగుతూ, వాటి వీపులపై సవారీ చేస్తూ, గిట్టల అలికిడికి లేచిన మిడతలను పట్టే ఈ పిట్టకు పసులపోలిగాడు అన్న పేరు తగినదే. పశువులు తగ్గిన ఊళ్లలో అది ట్రాక్టరు వెనుక తిరుగుతున్నది. గాలిలోకి ఎగిరి పురుగును అందుకొని మరల వచ్చిన చోటికే చేరడం దాని అలవాటు. పక్షి స్థావరమన్న ఆలోచనకు ఆధారం ఈ అలవాటే. తరగతిలో విన్న విద్యార్థి దీనిని పరీక్ష దాకా గుర్తుంచుకొంటాడు. పెరటి అరుగుపై కూర్చొని పావుగంట చూసినవాడు ఎన్నటికీ మరువడు.

పిట్టలను చూసి సంతోషించడం విశ్రాంత ఉద్యోగుల కాలక్షేపమన్న చులకన భావం వ్యవసాయ విద్యాలయాలలో లేకపోలేదు. అది సరి కాదు. పిట్టను అది తినే పురుగుల లెక్కతోనే విలువ కట్టేవారు, పొద్దుతిరుగుడు చేలో రామచిలుకను చూడగానే ఆ లెక్కను తిరగవేస్తారు. నష్టం నిజమే, గింజ పోగొట్టుకొన్న రైతుకు పక్షి ప్రేమను బోధించడం తగదు. ఒంటరిగా ఉన్న చిన్న మడిపై చిలుకల దాడి ఎక్కువ గనుక పక్కపక్క పొలాలవారు ఒకేసారి విత్తుకోవాలనీ, మెరుపు రిబ్బన్లు కట్టాలనీ చెప్పాలి. జొన్న గింజ పాలు పోసుకొనే దశలో పక్షి స్థావరాలను తీసివేయవలసిందే. అయితే గింజ తినే పిచ్చుక, గిజిగాడు సైతం తమ పిల్లలకు పురుగులనే మేపుతాయి. ఈ సంగతి గూటిని రోజూ గమనించేవారి కంటనే పడుతుంది.

అంతకంటె పెద్ద వైరుధ్యం మరొకటి ఉన్నది. కార్బోఫ్యూరాన్ గుళికలను గింజలనుకొని ఏరుకు తిన్న పిట్ట బ్రతకదు. మోనోక్రోటోఫాస్‌తో చచ్చిన పురుగు పిట్టకూ విషమే. మొదటి పుటలో పిట్టకు ఆహ్వానం పలికి, మూడవ పుటలో విషం పెట్టే సిఫారసులను విస్తరణ శాస్త్రవేత్తలు ఇకనైనా ఒక్కచోట పెట్టి చదువుకోవాలి.

పెరటికి పిట్టలు రావడానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. వేసవిలో లోతు లేని మూకుడులో నీళ్లు పోసి, దోమలు పెరగకుండా రోజూ మార్చితే చాలు. కంచె గుబురును మొదలంటా నరకకుండా ఉంచితే పిగిలిపిట్ట గూడు కడుతుంది. బస్తాల కొద్దీ గింజలు చల్లడం మాత్రం పావురాలను పెంచడమే. దసరా నాడు పాలపిట్టను చూడాలని, పట్టి తెచ్చిన దానిని పంజరంలో చూసేవారికి అది దర్శనం కాదని చెప్పేవారు కావాలి.

వరికోతల తరువాత కంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీసే ఆనవాయితీ కొన్ని ఊళ్లలో ఇంకా మిగిలి ఉన్నది. గ్రామీణ పని అనుభవానికి వెళ్ళే విద్యార్థులు ఆ అల్లికను పెద్దల వద్ద నేర్చుకోవచ్చు. వారి దినచర్య పుస్తకంలో వర్షపాతం పక్కనే, ఆ రోజు కనిపించిన పిట్టల పేర్లకు ఒక గడి ఇవ్వాలి. ముందు ఆ ఊరివారు పిలిచే పేరు వ్రాయాలి. శాస్త్రీయ నామం తరువాత చేర్చవచ్చు.