మరకుట్టు – చేతికుట్టు

మన అడవులదీవి తల్లులు పాతచీరలు మడిచి చేతితో బొంతలు కుట్టుదురు. నేడు బల్లపై బఱచు మెత్తని గుడ్డపట్టీలను కుట్టుయంత్రముపై కుట్టి, చేతికుట్టువలె దోపింపజేయు విధము గలదు. పైన కంటికానని నైలానుదారమును, క్రింద బాబినులో రంగుదారమును బెట్టి, పైదారపు బిగువు హెచ్చించినచో క్రిందిదారము చుక్కలు చుక్కలుగా పైకి వచ్చును. ఈ నేర్పును మేము నిందింపము. కాని దానిని చేతిపనియని యమ్ముట యసత్యము. నరసాపురపు క్రోషే లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. చేతిపనికి బేరే ధనమని దీనివలన దెలియుచున్నది. ఆ పేరు పరులు వాడుకొనినచో, రాత్రులు దీపముకడ వ్రేళ్లు నొచ్చ గుట్టిన స్త్రీకి గూలి తగ్గును. కావున మన బాలికలకు రెండు కుట్టులును నేర్పుదము; ఏది మరదో, యేది చేతిదో చీటిపై నిజము వ్రాయుటయు నేర్పుదము.