నెంబరు చేపకు నామకరణం

ఇంట్లో పిల్ల పుడితే పదకొండోనాడో, ఇరవై ఒకటోనాడో బారసాల చేసి పేరు పెడతాం. అందాకా ‘బుజ్జి’ అనో, ‘చిట్టి’ అనో పిలుచుకుంటాం. బ్రెజిల్ దేశంలో షింగూ నదిలో పుట్టిన ఒక చేపకు శాస్త్రజ్ఞుల దగ్గర ఆపాటి ముద్దుపేరైనా లేకపోయింది. ఖైదీకి ఇచ్చినట్టు నెంబరు ఇచ్చారు: ఎల్-46!

ఇది మన జెల్లకూ, వాలుగకూ, మార్పుకూ దూరపు చుట్టం. పొడవు మూడంగుళాలు, మహా అయితే మరికాస్త. తెల్లని ఒంటిమీద నల్లని చారలు, అచ్చం జీబ్రాయే. పొలుసులకు బదులు ఎముక పలకల కవచం. మూతి కింద ఉన్న గుండ్రని నోటితో రాతిని పట్టుకుందంటే వరద వచ్చినా వదలదు. కాపురం రాతి సందుల్లో. గుడ్లు పదో పదిహేనో పెడుతుంది. వాటికి కాపలా మగచేపదే. గుడ్లు తక్కువన్న సంగతి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి.

1980ల చివర ఈ చేప యూరపు అంగళ్లకు చేరింది. కొనేవాళ్లు ఎగబడ్డారు. పేరేమిటంటే చెప్పేవాడు లేడు. ఇలాంటి కొత్త చేపలు వచ్చిపడుతుంటే, శాస్త్రజ్ఞులకు తీరిక దొరికేదాకా ఆగలేక, 1988లో ఒక జర్మన్ పత్రిక ఫోటోలు వేసి వరుసగా నెంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ‘ఎల్’ అన్నది లోరికారిడే అనే వాటి కుటుంబనామంలో మొదటి అక్షరం. తమాషా ఏమిటంటే, చారల్లో కాస్త తేడా కనిపించిన ఇదే చేపకు తరువాత ఎల్-98 అని మరో నెంబరు కూడా పడింది!

1991లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఇస్‌బ్రూకర్, నైసెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ‘హైపాన్‌సిస్ట్రస్ జీబ్రా’ అని పేరు పెట్టారు. మనలాగే శాస్త్రంలోనూ ఇంటిపేరే ముందు. ఉన్న ఇంటిపేర్లేవీ అతకక, దీనికోసం కొత్త ఇంటిపేరే కట్టారు.

ఈ బారసాలకు మంత్రాలు లేవుగాని తంతు పెద్దదే. చేపను స్పిరిట్‌లో భద్రపరచి, పళ్లూ, రెక్కల ముళ్లూ లెక్కించి, అంగాంగం కొలిచి, దగ్గరి చుట్టాలతో తేడా ఎక్కడుందో రాసి అచ్చువేయాలి. ఒక చేపను మూల నమూనాగా ఎంచి మ్యూజియంలో దాచాలి. రేపు ఈ పేరు ఏ చేపదని తగాదా వస్తే ఆ సీసాలోదే సాక్షి.

మూడంగుళాల చేపకు ఇంత హంగామా ఎందుకని మీరడగవచ్చు. చట్టంలో రాయాలంటే పేరు కావాలి గదా! బ్రెజిల్ ప్రభుత్వం 2004లో అంతరించే ప్రమాదమున్న ప్రాణుల జాబితాలో దీన్ని ఈ పేరుతోనే చేర్చింది. నదిలో పట్టిన చేపను విదేశాలకు పంపకూడదంది. అయినా దొంగరవాణా ఆగలేదు. 2022లో దేశదేశాల ఒప్పందమైన సైటీస్ కూడా దీన్ని రెండో అనుబంధంలో చేర్చి, వ్యాపారానికి పర్మిట్లు తప్పనిసరి చేసింది.

అసలు గండం మరొకటి. షింగూ నది పెద్ద మలుపు తిరిగే చోటే దీని పుట్టిల్లు. అక్కడి నీటిలో అధికభాగాన్ని మళ్లించే బెలో మోంటె విద్యుత్ కేంద్రం 2016లో పనిచేయడం మొదలుపెట్టింది. ప్రవాహం తగ్గితే రాతి సందుల బతుకు మారిపోతుంది. పది గుడ్ల చేప తేరుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా! గాజుతొట్లలో మాత్రం దీన్ని పెంచి పిల్లల్ని చేయిస్తున్నారు. పరాయింట్లో క్షేమం, పుట్టింట్లో ప్రమాదం!

పేరు పెట్టినంత మాత్రాన నదిలో నీళ్లు రావు, నిజమే. కాని పేరే లేనిదాని తరఫున ఫిర్యాదు చేయడానికైనా వీలుండదని నాకు తోస్తుంది. నెంబర్లతోనే కాలం గడుపుతున్న చేపలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. పిల్లల ముచ్చటకోసం చేపల తొట్టి కొనేవారికి నాదొక మనవి: ధర అడిగే ముందు దాని పేరేమిటో, ఏ నీళ్లలో పుట్టిందో కూడా అంగడివాణ్ణి అడగండి.